మామగారి కారు: బాగు చేయించి ఇవ్వాలా, ఉన్నది ఉన్నట్టే ఇచ్చేయాలా?

ఖమ్మం నుంచి ఒక ఉపాధ్యాయిని రాసిన ఉత్తరం ఇది. ఆమె పట్టణంలో ఉంటూ, 32 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఉన్నత పాఠశాలకు రోజూ తానే కారు నడుపుకుంటూ వెళ్లి వస్తారు. ఆ కారు ఆమె మామగారు పదవీ విరమణ డబ్బుతో కొన్న డీజిల్ స్విఫ్ట్. 2011 నవంబరులో ఏపీ 20 నంబరుతో రిజిస్టరైంది, ఇప్పటికి 1,62,000 కిలోమీటర్లు తిరిగింది. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజిన్ అరుస్తుంది గాని బండి కదలదు. ఏసీ చల్లబడదు. ముందు రెండు టైర్లు అరిగిపోయాయి, గతుకుల్లో ముందు వైపు టకటక చప్పుడు వస్తోంది. ఎడమ తలుపులు రెండూ సొట్టపోయాయి.

కొత్త కారు కొనాలని ఇంట్లో నిర్ణయం జరిగిపోయింది. పాతదాన్ని ఎక్స్చేంజిలో ఇవ్వాలి. షోరూము వాళ్లు ఉన్నది ఉన్నట్టే 1,55,000 ఇస్తామన్నారు, ఎక్స్చేంజి బోనస్ మరో 20,000. బాగు చేయించి తెస్తే "ఇంకో 15 వేలు చూద్దాం" అన్నారట. ఇంటి మెకానిక్ క్లచ్‌కు 13,000, ఏసీ కంప్రెసర్‌కు 17,000, సస్పెన్షన్‌కు 11,000, నాలుగు టైర్లకు 19,000, టింకరింగుకు, రంగుకు 12,000, మొత్తం 72,000 లెక్క వేసి ఇచ్చాడు. అన్నీ చేయిస్తే తనకు తెలిసిన ఒకాయన 2,20,000 పెట్టి కొంటాడంటున్నాడు. మీటరు 90 వేలకు తిప్పితే ఇంకా ఎక్కువ పలుకుతుందని కూడా చెప్పాడు.

భర్త అన్నీ చేయించి ఇద్దామంటారు. పాత కార్ల వ్యాపారంలో ఉన్న ఆయన మేనత్త కొడుకు, పైసా పెట్టవద్దు, పదేళ్లు దాటిన డీజిల్ బండ్లను ప్రభుత్వం ఆపేస్తుంది, వెంటనే వదిలించుకోండి అంటాడు. "మామయ్యగారు నిరుడు దసరాకు ముందు కాలం చేశారు. కారు ఇంకా ఆయన పేరునే ఉంది. సంతకాల సంగతి తాను చూసుకుంటానని మా వారి బావ చెప్పాడు. సెలవులు అయ్యేలోపు తేల్చుకోవాలి. ఈ విషయం ఎత్తితే చాలు, మా వారికీ నాకూ మాటా మాటా పెరుగుతోంది. ఎవరి మాట సరైనది?" అని అడిగారు.

అమ్మా, మీ ఉత్తరంలో రిపేర్ల గురించి రెండు పేజీలు రాశారు. మామగారి పేరున కారు ఉందన్న సంగతి ఒక్క వాక్యంలో దాటేశారు. నేను ఆ వాక్యం దగ్గరే ఆగిపోయాను. రోజూ 64 కిలోమీటర్లు మీరు నడుపుతున్న ఆ కారుకు కాగితం మీద ఉన్న యజమాని ఇప్పుడు లేరు. క్లచ్ సంగతి తరువాత చూద్దాం, ముందు దీని గురించి మాట్లాడుకుందాం.

మోటారు వాహనాల నిబంధనల ప్రకారం యజమాని చనిపోతే, బండి ఎవరి చేతికి వచ్చిందో వారు 30 రోజుల్లో ఆర్టీఏకు తెలియజేయాలి, మూడు నెలల్లోపు ఫారం 31తో తమ పేరుకు మార్చుకోవాలి. బీమా కూడా అంతే. యజమాని మరణించాక పాలసీ మూడు నెలలు గాని, గడువు ముగిసేదాకా గాని, ఏది ముందైతే అంతవరకే నిలుస్తుంది. మీ ఇంట్లో ఈ మధ్య మామగారి పేరుతోనే ఆన్‌లైన్‌లో రెన్యువల్ చేసి ఉంటారు. డబ్బు కట్టగానే పాలసీ వచ్చేస్తుంది, ఆ మనిషి ఉన్నాడా లేడా అని కంప్యూటర్ అడగదు. అడిగేది క్లెయిము వేసిన రోజున. పాలసీలో యజమాని–డ్రైవరుకు 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా ఉంటుంది. అది ఆర్సీలో పేరున్న యజమాని స్వయంగా నడుపుతున్నప్పుడు వర్తించేది. అంటే స్టీరింగ్ వెనక రోజూ కూర్చునే మీకు అది లేదు. మిమ్మల్ని భయపెట్టాలని ఈ మాట చెప్పడం లేదు. ఇంతకాలం ఏమీ జరగలేదు, సంతోషం. బడులు తెరిచేలోపు దీన్ని సరిచేసుకోండి.

ఇక "సంతకాల సంగతి నేను చూసుకుంటా" అన్న మాట. బండి చేతులు మారేటప్పుడు ఇచ్చే ఫారం 29, ఫారం 30 మీద చనిపోయిన వ్యక్తి సంతకాన్ని ఇంకొకరు పెట్టడం ఫోర్జరీ. పాత కార్ల బేరాల్లో ఇది మామూలే అన్నట్టు మాట్లాడేవాళ్లు ఉంటారు. మీ బంధువు దుర్బుద్ధితో అన్నాడని నేను అనుకోను, పని తొందరగా అయిపోవాలని అని ఉంటాడు. కానీ రేపు ఆ కారు ఏ ప్రమాదంలోనో, ఏ కేసులోనో ఇరుక్కుంటే పోలీసులు ఆర్సీలోని చిరునామా చూసుకుని మీ అత్తగారి గుమ్మం దగ్గరికే వస్తారు. 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఒక ప్రమాద కేసులో స్పష్టంగా చెప్పింది: బండి ఎన్ని చేతులు మారినా రికార్డులో ఎవరి పేరుంటే చట్టం దృష్టిలో వారే యజమాని, పరిహారం బాధ్యత వారిదే. ఈ ఒక్క విషయంలో మాత్రం మీకు రెండు దారులు లేవు. ఆ సంతకం ఎవరూ పెట్టకూడదు.

చేయాల్సిన పని పెద్దదేమీ కాదు. మామగారి మరణ ధ్రువీకరణ పత్రం, తహసీల్దార్ కార్యాలయం ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, ఒకరి పేరుకు మార్చడానికి మిగతా వారసులకు అభ్యంతరం లేదని అఫిడవిట్, చెల్లుబాటులో ఉన్న బీమా, పొల్యూషన్ సర్టిఫికెట్, ఫారం 31. కుటుంబ సభ్యుల ధ్రువపత్రానికి మీసేవలో దరఖాస్తు పెట్టవచ్చు. ఆలస్యానికి కొంత అదనపు రుసుము పడితే పడనివ్వండి. మామగారు ఆ రోజుల్లో బ్యాంకు అప్పుతో కొని ఉంటే, అప్పు తీరినా ఆర్సీలో బ్యాంకు పేరు అలాగే ఉండిపోవచ్చు. దాన్ని తీయించడానికి బ్యాంకు ఇచ్చే నిరభ్యంతర పత్రం, ఫారం 35 కావాలి. ఇదంతా నాలుగైదు వారాల పని. అందుకే సెలవులు అయ్యేలోపు కారు ఇచ్చేయాలన్న తొందర ముందు మానండి.

పేరు ఎవరికి మార్చాలన్నది కూడా ఆలోచించి తేల్చుకోండి. ఎక్స్చేంజి బోనస్ ఇవ్వడానికి పాత కారు, కొత్త కారు ఒకే మనిషి పేరున గాని, భార్యాభర్తలు, తల్లిదండ్రులు, పిల్లలు వంటి దగ్గరివారి పేర్ల మీద గాని ఉండాలని కంపెనీలు సాధారణంగా షరతు పెడతాయి. కొత్త కారు మీ పేరున తీసుకుంటున్నట్లయితే పాతది మీ వారి పేరుకు మార్చుకోవడం సులువు. మామగారు క్లెయిములు లేకుండా నడిపి సంపాదించుకున్న నో క్లెయిమ్ బోనస్ కూడా, కారు భార్య చేతికో పిల్లల చేతికో వస్తే వారికి సంక్రమిస్తుంది. గరిష్ఠంగా అది 50 శాతం. కొత్త కారు బీమాలో సొంత నష్టానికి కట్టే ప్రీమియం అంతమేర తగ్గుతుంది. ఆ కొత్త కారు కూడా ఆ బోనస్ ఎవరి పేరున ఉందో వారి పేరునే ఉండాలి సుమా. ఈ సంగతి షోరూములో ఎవరూ వాళ్లంతట వాళ్లు చెప్పరు. బీమా కంపెనీని మీరే అడగాలి.

ఇప్పుడు రిపేర్ల దగ్గరికి వద్దాం.

మీరు రాసిన అంకెలనే తీసుకుంటే, 72,000 ఖర్చుపెట్టి షోరూముకు ఇస్తే మీకు అదనంగా వచ్చేది 15,000. నికరంగా 57,000 పోయినట్టు. మెకానిక్ చెప్పిన కొనుగోలుదారుకు 2,20,000కు అమ్మితే ఖర్చు పోను మిగిలేది 1,48,000. ఏమీ చేయించకుండా షోరూముకు ఇస్తే బోనస్‌తో కలిపి 1,75,000. అంటే మెకానిక్ సలహా ప్రకారం నడిస్తే మీకు 27,000 నష్టం. ఆ 72,000లో అతనికి పని దొరుకుతుందన్న సంగతి మనసులో పెట్టుకోండి. అతను చెడ్డవాడని కాదు. రిపేరు చేసేవాణ్ని రిపేరు చేయించాలా అని అడిగితే అలాంటి జవాబే వస్తుంది.

ఎందుకిలా అవుతుందో మీ వారికి అర్థమయ్యేలా చెప్పండి. పాత కారు కొనేవాడు క్లచ్ బాగుంటుందనుకునే ధర కడతాడు. బాగుంటే అందుకు అదనంగా ఇవ్వడు, బాగా లేకపోతే కోసుకుంటాడు. ఆ కోత కూడా తన దగ్గర పని ఎంతకు అవుతుందో ఆ లెక్కన ఉంటుంది. షోరూము వాళ్లకు విడిభాగాలు, కూలి మనకంటే చవక. పైగా 14 ఏళ్లు దాటిన కార్లను చాలా షోరూములు బాగు చేయించి అమ్ముకోవు, వచ్చినవి వచ్చినట్టే బ్రోకర్లకు ఇచ్చేస్తాయి. ఆ బ్రోకరు చూసేవి ఇంజిన్, కాగితాలు, గతంలో పెద్ద ప్రమాదం జరిగిందా లేదా అన్నది. మీరు వేయించిన కొత్త బుష్‌లను (సస్పెన్షన్‌లోని రబ్బరు భాగాలు) అతను లెక్కలోకే తీసుకోడు.

రంగు విషయంలో మరింత జాగ్రత్త. అమ్మే ముందు రెండు తలుపులకు కొత్తగా రంగు వేయిస్తే ధర పెరగడం మాట అటుంచి తగ్గే ప్రమాదం ఉంది. కారు చూడటానికి వచ్చేవాళ్ల దగ్గర రంగు మందాన్ని కొలిచే చిన్న పరికరం ఉంటుంది. ఆ తలుపుల దగ్గర అంకె మారగానే, ఏదో గట్టిగా తగిలితే కప్పిపుచ్చారని అనుమానిస్తారు. కళ్లకు కనిపించే సొట్టకు కోసుకునే డబ్బు, కనిపించని ప్రమాదాన్ని ఊహించి కోసుకునే డబ్బు కంటే తక్కువ.

మీటరు తిప్పడం గురించి మీరు "అది తప్పేమో అనిపిస్తోంది" అని రాశారు. తప్పే, మోసం. 1,62,000 తిరిగిన బండిని 90,000 అని కొనే మనిషి ఎవరు? ఏ ఆటో డ్రైవరో, ఏ చిన్న రైతో కూడబెట్టుకున్న డబ్బుతో మొదటి కారు కొనుక్కునేవాడు. ఫలానా కిలోమీటర్లకు మార్చాల్సిన భాగాలు అతను మార్చడు, దారిలో ఆగిపోతాడు. పైగా కంపెనీ సర్వీసు సెంటరులో చేయించిన ప్రతి సర్వీసు దగ్గర కిలోమీటర్లు నమోదై ఉంటాయి. ఆ మెకానిక్‌తో ఈ మాట మళ్లీ ఎత్తవద్దని గట్టిగా చెప్పండి.

అయితే ఏమీ చేయించకూడదా అంటే, ఒకటి చేయించి తీరాలి. ముందు టైర్లు. పేరు మార్పు పూర్తయ్యేదాకా ఆ కారును మీరే నడపాలి, వానలు వచ్చేస్తున్నాయి. టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే అది రోడ్డు మీదికి పనికిరాదు. గాళ్ల మధ్య చిన్న గట్లు ఉంటాయి, టైరు అరిగి వాటితో సమానమైందంటే ఆయుష్షు తీరినట్టే. వెనక టైర్లు సగం ఉన్నాయని రాశారు కాబట్టి నాలుగూ అక్కర్లేదు, రెండు చాలు. కొత్తవి వెనక వేయించి వెనకవి ముందుకు మార్పించండి. తడి రోడ్డు మీద వెనక చక్రాలు జారితే బండిని అదుపు చేయడం చాలా కష్టం, అందుకే మంచివి వెనక ఉండాలంటారు. ముందు నుంచి వచ్చే చప్పుడును కూడా ఒకసారి లిఫ్టు మీద ఎక్కించి చూపించండి. బుష్‌లో, లింక్ రాడ్లో అయితే కొన్నాళ్లు ఆగవచ్చు. బాల్ జాయింటో, స్టీరింగుకు కలిసే టై రాడ్ చివరో అయితే ఆగకూడదు. బ్రేకులు కూడా చూపించండి. ఈ డబ్బు వెనక్కి రాదు. అది మీ ప్రాణానికి పెట్టే ఖర్చు, కారు ధరలో దాన్ని వెతకకండి.

ఆ పైన మీ ముందు మూడు దారులున్నాయి.

టైర్లు, కాగితాలు మాత్రం సరిచేసి, క్లచ్ జారుతోందని, ఏసీ పనిచేయడం లేదని ఉన్నదున్నట్టు చెప్పి షోరూముకే ఇవ్వడం మొదటిది. డబ్బు కాస్త తక్కువ వచ్చినా తలనొప్పి తక్కువ. కానీ 1,55,000 అన్నది నిజమైన ధరేనా అన్నది తేల్చుకోవాలి. పాత కారుకు ఎక్కువ ఇస్తున్నట్టు చూపించి, కొత్త కారు మీద ఇవ్వాల్సిన తగ్గింపును అందులోనే కలిపేయడం ఉంటుంది. "పాత బండి ఇవ్వకుండా కొంటే కొత్త కారు ఆన్‌రోడ్ ధర ఎంత?" అని ముందు అడిగి రాయించుకోండి. ఆ తరువాతే పాత కారు ధర మాట్లాడండి. ఇంకో రెండు షోరూముల్లో, ఒకటి రెండు పాత కార్ల సంస్థల్లో కూడా చూపించండి. మీ వారు రెండేళ్ల కిందట పక్కింటివారి కారుకు పలికిన ధర గుర్తుపెట్టుకున్నారని రాశారు. ఆ రోజులు వేరు. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది, కొత్తవి చవకయ్యాయి. కొత్తవి చవకైతే పాతవాటి ధర నిలబడదు. వ్యాపారులు పాత కార్ల మీద తమకు మిగిలే లాభంపై కట్టే జీఎస్టీ కూడా చిన్న కార్లకు 2025 జనవరిలో 12 నుంచి 18 శాతానికి పెరిగింది. ఆ భారం కూడా మీకు చెప్పే ధరలోంచే తగ్గుతుంది.

నేరుగా ఎవరికైనా అమ్ముకోవడం రెండోది. దానికి క్లచ్ వేయించక తప్పదు, ఎందుకంటే కారు చూడటానికి వచ్చిన మనిషి ఫ్లైఓవరు ఎక్కించగానే దొరికిపోతుంది. టైర్లు ఎలాగూ వేయిస్తున్నారు కాబట్టి అదనపు ఖర్చు 13,000. ఈ దారిలో ఎక్స్చేంజి బోనస్ రాదు. కాబట్టి 1,88,000 దాటి పలికితేనే ఇది మొదటి దారి కంటే మేలు. ఏసీ విషయంలో మాత్రం కంప్రెసర్ మార్చేముందు లీకు పరీక్ష చేయించండి. చాలాసార్లు పైపు దగ్గరో, కండెన్సర్ దగ్గరో గ్యాసు పోతుంటుంది, చిన్న ఖర్చుతో సరిపోతుంది. పేరు మారకుండా మాత్రం కారు అప్పగించవద్దు. కొన్నవాడితో కలిసి ఆర్టీఏ పని పూర్తయ్యేదాకా మీకు ఊరట ఉండదు.

మూడోది మీరు అడగలేదు. అయినా చెప్పాలి: అసలు అమ్మకపోవడం. నేను చదివినంతలో ఇంజిన్ మీద మీకు ఫిర్యాదు లేదు. పొగ లేదు, ఆయిల్ తాగడం లేదు, పొద్దున్నే ఒక్క తిప్పుకే స్టార్టవుతుందని రాశారు. ఢిల్లీ ప్రాంతంలో పదేళ్ల డీజిల్ కార్ల మీద పెట్టిన ఆంక్షల గురించి విని మీ బంధువు భయపడ్డాడు. అవి ఖమ్మంలో లేవు. మీ కారుకు వచ్చే నవంబరుతో 15 ఏళ్లు నిండుతాయి. గడువుకు ముందున్న 60 రోజుల్లో ఫారం 25తో దరఖాస్తు చేసి, తనిఖీకి నిలబెట్టి, 5,000 రుసుము, గ్రీన్ ట్యాక్స్ కడితే మరో ఐదేళ్లకు రిజిస్ట్రేషన్ పొడిగిస్తారు. కొత్త కారుకు 7 లక్షలు అప్పు తీసుకుంటే, 9 శాతం వడ్డీతో ఏడేళ్లకు నెలకు దాదాపు 11,260 వాయిదా, మొత్తం వడ్డీయే 2,46,000 వరకు అవుతుంది. మెకానిక్ చెప్పిన 72,000 అంటే ఆరేడు వాయిదాల డబ్బు. అయితే నిజాయతీగా రెండో వైపు కూడా చెబుతాను. మీరు బడి దారిలోనే ఏడాదికి 15,000 కిలోమీటర్ల దాకా తిరుగుతారు. ఈ వయసు డీజిల్ ఇంజినుకు ఇంజెక్టర్లో, టర్బోనో మొరాయిస్తే ఒక్క దెబ్బకు పెద్ద ఖర్చు. స్విఫ్ట్ తయారుచేసే మారుతి కంపెనీ 2020 ఏప్రిల్ నుంచి డీజిల్ కార్లే మానేసింది. విడిభాగాలు ఇప్పటికి దొరుకుతున్నాయి. ఈ దారి మీద మనసు పోతే, ఈ రిపేర్లతో సంబంధం లేని ఇంకో మెకానిక్‌కు డబ్బిచ్చి ఇంజిన్ పరీక్ష చేయించాకే నిర్ణయించుకోండి.

నా మొగ్గు మీకు తెలుస్తూనే ఉంటుంది. బాగు చేయిస్తే మీరు వాడుకోవడానికి చేయించండి, పూర్తిగా చేయించండి. అమ్మడానికైతే టైర్లతో ఆపేయండి. అన్నీ చేయించి నెల తిరక్కుండా ఇంకొకరికి ఇచ్చేయడం మాత్రం మీ లెక్కలో ఎటు చూసినా నష్టమే.

మీ వారికి ఈ లెక్క తెలియదని నేను అనుకోను. "నాన్న ఆ కారును పువ్వులా చూసుకున్నారు, సొట్టలతో ఎలా ఇస్తాం" అని ఆయన అన్నట్టు మీరే రాశారు. దానికి మీరు అంకెలతో జవాబు చెబుతున్నారు, అందుకే మాటా మాటా పెరుగుతోంది. ఆయన్ను ముందు ఒక్కటే అడగండి: ఆ కారు ఇంట్లోంచి వెళ్లిపోవడం ఆయనకు ఇష్టమేనా? ఇష్టం లేదంటే మూడో దారి గురించి ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి. ఫరవాలేదు, ఇచ్చేద్దాం అంటే, చక్కగా వాటర్ సర్వీసు, లోపల శుభ్రం చేయించడం ఆయనకే అప్పగించండి. అది వెయ్యీ రెండు వేలలో అయిపోతుంది, కారు మర్యాదగా వెళ్తుంది. అత్తగారిని, విజయవాడలో ఉన్న ఆడపడుచును కూడా ఇప్పుడే కలుపుకోండి. అఫిడవిట్ మీద ఎలాగూ వాళ్ల సంతకాలు కావాలి. కారు అమ్మేశాక సంతకం కోసం ఫోను చేస్తే ఎవరికైనా మనసు నొచ్చుకుంటుంది.

కారు ఇచ్చే రోజుకు రెండో తాళం, సర్వీసు పుస్తకం వెతికి పెట్టుకోండి, పెండింగ్ చలానాలు కట్టేయండి. తేదీ, సమయం వేసిన డెలివరీ పత్రం మీద అవతలివారి సంతకం తీసుకోండి. 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం ఆర్టీఏ అనుమతి పొందిన పాత కార్ల డీలరు అయితే ఫారం 29సీ ద్వారా కారు తనకు అందిందని నమోదు చేయించవచ్చు. అక్కడి నుంచి బాధ్యత అతనిది. మీ షోరూముకు ఆ అనుమతి ఉందో లేదో ముందే అడగండి. మామగారి పేరున ఉన్న ఫాస్టాగ్‌ను కూడా మూయించండి, లేకపోతే ఆ కారు దాటే ప్రతి టోల్ గేటు డబ్బూ ఆయన ఖాతాలోంచే పోతూ ఉంటుంది.